పిచ్‌లు చాలు, ఇక బేరానికి రండి

విశాఖపట్నంలోని యూనివర్సిటీల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెల్స్ (వ్యాపారం నేర్చుకోవడానికి పెట్టుకున్న క్లబ్బులు) నడుపుతున్న విద్యార్థులకు, వాటికి కోఆర్డినేటర్లుగా ఉన్న మేడమ్‌లకు, సార్లకు నమస్కారం.

నేను ఈ ఊళ్ళో హోటళ్ళకి, క్యాటరింగ్ వాళ్ళకి చేపలు, రొయ్యలు సప్లై చేస్తాను. ఒక మినీ వ్యాను, కొన్ని ఐసు బాక్సులు, నలుగురు మనుషులు, రాత్రీ పగలూ మోగే వాట్సాప్ గ్రూపులు. అంతే నా వ్యాపారం. మా అమ్మ ఇదే సరుకుని బుట్టలో పెట్టుకుని నెత్తిన మోసి పెదవాల్తేరు సందుల్లో అమ్మింది. మీలో కొంతమందికి నేను జడ్జిగా తెలుసు, మీ పిచ్ పోటీలకి, అంటే వ్యాపార ఆలోచనని స్టేజీ ఎక్కి జడ్జీలకి వివరించే పోటీలకి, పిలుస్తుంటారు కాబట్టి. ఎందుకు పిలుస్తారో నాకూ తెలుసులెండి. లోకల్ మనిషి, ఆడ మనిషి, ఫీజు అడగదు, పోస్టర్ మీద బావుంటుంది. దానికి నాకేం బాధ లేదు. మీ వయసు పిల్లల మధ్య రెండు గంటలు కూర్చుంటే ఉత్సాహంగానే ఉంటుంది. శాలువాలు మాత్రం ఇక చాలు. మన ఊరి ఉక్కపోతలో వాటిని ఎవరికి పెట్టాలో తెలీక బీరువాలో దాచాను.

మొన్న మరో ఆహ్వానం వచ్చింది. నేను చెప్పాలనుకున్నది ఏ ఒక్క క్లబ్బు గురించో కాదు కాబట్టి, వాళ్ళకి విడిగా జవాబివ్వకుండా అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను. మీ సెల్స్‌లో అన్నీ జరుగుతున్నాయి, వ్యాపారం ఒక్కటి తప్ప.

ఏం జరుగుతోందో మీకే చెప్పనక్కర్లేదు. సెమిస్టర్ మొదలవగానే కార్యవర్గం ఎంపిక. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, డిజైన్ లీడ్, మీడియా లీడ్, స్పాన్సర్‌షిప్ హెడ్, పీఆర్ టీమ్. పదవులకే ఇంటర్వ్యూలు పెడతారు. తర్వాత ఓ ప్రారంభోత్సవం, దీపం, స్వాగత నృత్యం, ఎవరో మోటివేషనల్ స్పీకర్. ఆ తర్వాత టెలివిజన్ షో నమూనాలో పిచ్ పోటీ. మధ్యలో జనం రావడం లేదని ‘ఐపీఎల్ ఆక్షన్’ అనే ఆట. ఉత్తుత్తి డబ్బుతో ఆటగాళ్ళని కొనే ఆ ఆటకి హాలు నిండిపోతుంది. క్యాంపస్ నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో చేరిపోయే ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే నిజం డబ్బుతో, నిజం సరుకుతో వేలం నడుస్తుంది. వ్యాపారం నేర్చుకోవడానికి పెట్టుకున్న క్లబ్బువాళ్ళు అక్కడ ఒక్కరూ కనబడరు. వేసవి సెలవుల నాటికి ఫ్లెక్సీలు మడతేసి, సర్టిఫికెట్లు పంచేసి, లింక్డ్ఇన్‌లో ‘నా ప్రయాణం’ అని పోస్టు పెట్టి, ఫైనల్ ఇయర్ వాళ్ళు ప్లేస్‌మెంట్స్‌కి వెళ్ళిపోతారు. కొత్త కార్యవర్గం మళ్ళీ దీపంతో మొదలెడుతుంది.

ఈవెంట్ నడపడం తేలికైన పని అని నేను అనను. హాలు బుక్ చెయ్యడం, స్పాన్సర్‌ని పట్టుకోవడం, మైకు పనిచెయ్యకపోతే టెన్షన్ పడకుండా సర్దుకోవడం, ఇవన్నీ వచ్చినవాళ్ళు రేపు ఎక్కడైనా పనికొస్తారు. ఈవెంట్ మేనేజ్‌మెంటే నేర్చుకోవాలంటే ఆ పేరే పెట్టుకోవచ్చు. అందులోనూ మంచి డబ్బుంది, ముఖ్యంగా ఈ ఊళ్ళో.

ఒక పోటీలో జరిగింది చెబుతాను. ముగ్గురు కుర్రాళ్ళు. హార్బర్ నుంచి నేరుగా ఇంటికి చేపలు తెచ్చిచ్చే యాప్. స్లైడ్లు ముచ్చటగా ఉన్నాయి, మాట్లాడిన అబ్బాయి గొంతు ఇంకా ముచ్చటగా ఉంది. మధ్యవర్తులు లేరు, మత్స్యకారుడికి ఎక్కువ, కస్టమర్‌కి తక్కువ. నాలుగో స్లైడ్‌లో అమ్మకాల గ్రాఫు. ఏప్రిల్‌లో లాంచ్, మే నెలకి రెట్టింపు, జూన్‌కి మళ్ళీ రెట్టింపు. గీత నిటారుగా పైకి పోతోంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని మరబోట్లనీ, ఇంజిన్ బోట్లనీ కట్టేస్తారు. ఆ రెండు నెలల పస్తులకని ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో పది వేల నుంచి ఇరవై వేల రూపాయలకి పెంచారు. ఇది పేపర్లలో ప్రతి ఏడూ వచ్చే వార్త. హార్బర్‌లో చంటి పిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఈ ఊళ్ళో చదువుతూ, బీచ్‌లో వారానికోసారి ఫోటో దిగుతూ, చేపల వ్యాపారానికి ప్లాన్ రాసిన ముగ్గురికీ తెలీదు. నా పక్కన కూర్చున్న ఇద్దరు జడ్జీలకీ తెలీదు. వాళ్ళు ‘యూఐ బావుంది’ అని, అంటే తెర మీద యాప్ కనబడే తీరు బావుందని, మార్కులు వేశారు. ఆ టీముకి రెండో బహుమతి వచ్చింది.

నేను వాళ్ళని అందరి ముందూ ఏమీ అనలేదు. కిందకి దిగాక నా నంబరిచ్చి, ఒకరోజు హార్బర్‌కి రమ్మన్నాను. వచ్చారు, పాపం. చీకటితోనే వచ్చారు. బోటు నుంచి ట్రేలు దిగడం, రకాలు వేరుచేసి రాశులు పొయ్యడం, వేలం పాటగాడు రేటు పెంచుకుంటూ పోవడం, చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళు నలుగురు కలిసి ఒక రాశి పాడుకుని అక్కడే వాటాలు వేసుకోవడం, అన్నీ నోరు తెరుచుకుని చూశారు. అందులో ఒకబ్బాయి ఫోను తీసి, ‘అమ్మా, ఈ రోజు వంజరం కిలో ఎంత?’ అని అడిగాడు. అమ్మేది మా అమ్మ ఈడు మనిషి. ‘ఎప్పటి రేటు కావాలి బాబూ? ఇప్పటిదా, ఎండెక్కాకదా?’ అంది. వాళ్ళ యాప్‌లో రోజుకి ఒకటే రేటు. రెండో అబ్బాయి ధైర్యం చేసి యాప్ గురించి చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా వింది, మెచ్చుకుంది కూడా. చివరికి ఒక్కటే అడిగింది. ‘బోట్లు కట్టేసినప్పుడు నీ ఫోను సేపల్ని ఈనుద్దా?’

నవ్వాం అందరం. వాళ్ళూ నవ్వారు. తర్వాత కాసేపు ఐసు మిల్లు పక్కన టీ తాగుతూ నిజం లెక్కలు మాట్లాడుకున్నాం. కిలో రొయ్యలు తల తీసి పెంకు వలిస్తే దాదాపు సగానికి వస్తాయి. కస్టమర్ కిలోకి డబ్బు కట్టి అరకిలో చేతికొస్తే ఫోన్ చేసి తిడతాడు. ఆ తరుగు ఎవరు భరించాలి? ఐసు ఖర్చు ఎవరిది? చేప మెత్తబడిందని తిప్పి పంపితే దాన్నేం చెయ్యాలి? అన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. హార్బర్‌లో నేను చేతిలో డబ్బు పెడితేనే సరుకు. హోటలు నాకు నెలకో, నెలన్నరకో ఇస్తుంది. ఈ మధ్యలో నడిచేదంతా నా సొంత డబ్బు, లేదా నా అప్పు. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు బిల్లు కట్టాలని చట్టముంది కదా మేడమ్ అన్నాడొకడు. చదువుకున్నవాడే. కానీ నాలాగా కొని అమ్మే ట్రేడర్లకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్నా ఆ రూలు వర్తించదు. తయారు చేసేవాళ్ళకి, సేవలు అందించేవాళ్ళకే. ఇది వాడికి ఏ స్లైడూ చెప్పలేదు. నాకూ ఏ స్లైడూ చెప్పలేదు, మా ఆడిటర్ చెప్పాడు.

ఆ ఒక్క ఉదయంలో వాళ్ళు నేర్చుకున్నది ఆ ఏడాది క్లబ్బు నడిపిన ఏ కార్యక్రమంలోనూ నేర్చుకోలేదని వాళ్ళే అన్నారు. ఆ క్లబ్బు మాత్రం మరుసటి ఏడాదీ అదే పోటీ పెట్టింది.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇది చెప్పేటప్పుడు కొంచెం కోపం వస్తుంది, ఏమీ అనుకోవద్దు. ఒక క్యాంపస్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ఇంటి దగ్గర అమ్మ పెట్టిన పచ్చళ్ళు తెచ్చి హాస్టల్లో అమ్మేది. ఆవకాయ, పండుమిర్చి, ఉసిరి. మెస్ కూర ఎలా ఉంటుందో మీకు తెలుసు కాబట్టి గిరాకీ గురించి వేరే చెప్పక్కర్లేదు. పావుకిలో డబ్బాల్లో పెట్టి, మూత మీద తేదీ రాసి ఇచ్చేది. ఎవరెంత బాకీ ఉన్నారో నోట్సు పుస్తకం వెనక పేజీల్లో లెక్క. ‘హాస్టల్లో వ్యాపారాలేంటి’ అని వార్డెన్ ఆపించేసింది. అదే వారం ఆ క్యాంపస్‌లో ఎంట్రప్రెన్యూర్‌షిప్ వీక్ జరుగుతోంది. నేను అతిథిని. ఈ సంగతి నాతో చెప్పింది ఆ అమ్మాయి రూమ్‌మేట్, అదీ వాలంటీర్ బ్యాడ్జి పెట్టుకుని నాకు మంచినీళ్ళ సీసా ఇవ్వడానికి వచ్చినప్పుడు. ‘మరి మీ సెల్ వాళ్ళు వార్డెన్‌తో మాట్లాడలేదా?’ అంటే, ‘తను మా సెల్ మెంబర్ కాదు మేడమ్’ అంది.

మొత్తం కాలేజీలో కొనేవాళ్ళున్న వ్యాపారం అదొక్కటే అయ్యుంటుంది. క్లబ్బులో మాత్రం దానికి చోటు లేదు. కారణం నాకు తెలుసు. పచ్చళ్ళకి స్లైడ్ ఉండదు, ‘స్కేలబుల్’ (ఎంతైనా పెంచుకుంటూ పోగలిగేది) కాదు, పోస్టర్ మీద బావుండదు. ఆ అమ్మాయికి కావలసిందల్లా క్లబ్బు తరఫున ఒకరు పక్కన కూర్చుని ఆహార భద్రత సంస్థ వెబ్‌సైట్‌లో చిన్న వ్యాపారుల బేసిక్ రిజిస్ట్రేషన్ చేయించడం. దాని ఫీజు ఏడాదికి వంద రూపాయలు. ఆ కాగితం పట్టుకుని వార్డెన్ దగ్గరికి వెళ్ళి, హాస్టల్ గదిలో కాకుండా క్యాంటీన్ పక్కన వారానికి రెండు సాయంత్రాలు బల్ల వేసుకోవడానికి పర్మిషన్ అడగడం. ఒక్క రోజు పని. మెమెంటోలకి ఆర్డరిచ్చినంత సేపు కూడా పట్టదు.

ఇలాంటి వాళ్ళు ప్రతి క్యాంపస్‌లోనూ ఉన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో మెహందీ బుకింగులు తీసుకునే అమ్మాయి, మద్దిలపాలెం హాస్టళ్ళకి సెకండ్ హ్యాండ్ కూలర్లు తిప్పే అబ్బాయి, జూనియర్లకి ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ చేయించి కమీషన్ తీసుకునేవాడు (రిపోర్టులు రాసిచ్చేవాడి గురించి నేను మాట్లాడటం లేదు), పుట్టినరోజు కేకులు చేసే డే స్కాలర్. వీళ్ళెవరూ మీ సెల్ మీటింగులకి రారు. తమది వ్యాపారమని కూడా అనుకోరు. వాళ్ళని వెతికి పట్టుకోవడమే మీ మొదటి పని కావాలి. పదవుల కోసం ఇంటర్వ్యూలు పెట్టే బదులు, ‘ఈ క్యాంపస్‌లో ఇప్పటికే ఏదైనా అమ్ముతున్నవాళ్ళు ఎవరు?’ అని ఒక కాగితం అంటించి చూడండి.

దీనికి పూర్తిగా ఎదురు జబ్బు ఇంకొకటుంది. అమ్మకం లేకుండానే కంపెనీ. మీ సీనియర్లలో కొందరు మొదటి పోటీలో గెలవగానే ప్రైవేట్ లిమిటెడ్ రిజిస్టర్ చేసేస్తారు. డైరెక్టర్ అని విజిటింగ్ కార్డు. బానే ఉంటుంది. కానీ ఆ కంపెనీకి రూపాయి ఆదాయం లేకపోయినా ప్రతి ఏడూ ఆడిట్ చేయించాలి, కంపెనీల రిజిస్ట్రార్‌కి వార్షిక పత్రాలు వెయ్యాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి వంద రూపాయలు పడుతుంది. రోజుకి! ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయిన కుర్రాడు కంపెనీని మర్చిపోతాడు, మీటర్ మాత్రం మర్చిపోదు. మీ క్లబ్బులు తెచ్చే సీఏలు రిజిస్ట్రేషన్ ఎలా చెయ్యాలో చెబుతారు, మూసెయ్యడం ఎలాగో చెప్పరు. ఈసారి అది అడగండి.

మొదట్లో అంత అక్కర్లేదు. సొంత పేరు మీద మొదలెట్టండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, 2020 జులై నుంచి ఉంది. డబ్బులడిగేవాడు దళారీ. రాష్ట్రంలోనే అమ్ముకుంటే మామూలుగా సరుకులకి ఏడాదికి 40 లక్షలు, సేవలకి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కేంద్రం ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపు కావాలంటే కంపెనీయో, ఎల్ఎల్‌పీయో (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), రిజిస్టరైన మామూలు భాగస్వామ్యమో, అలాంటి సంస్థ ఏదో ఒకటి ఉండాలి, నిజమే. ఆ గుర్తింపు అవసరమయ్యే స్థాయికి వచ్చిన రోజున రిజిస్టర్ చేసుకోవచ్చు, ఆలస్యమేమీ కాదు.

పోటీలు పెట్టడం తప్పు కాదు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు 1990లో పది వేల డాలర్ల పోటీగా మొదలుపెట్టింది ఇప్పుడు లక్ష డాలర్ల పోటీ. మన దేశంలో ఐఐటీ బాంబే ఈ-సెల్ 1998లో పుట్టింది, వాళ్ళ నమూనానే ఇప్పుడు దేశమంతా నడుస్తోంది. వాళ్ళ చుట్టూ డబ్బు పెట్టేవాళ్ళున్నారు, ల్యాబులున్నాయి, పాత విద్యార్థులున్నారు. మనం వాళ్ళ దగ్గర్నుంచి స్టేజీని తెచ్చుకున్నాం, వెనకున్నదాన్ని తెచ్చుకోలేదు.

మనకున్నది వేరు. మనకి ఊరుంది. గాజువాక ఆటోనగర్ ఉంది, పూర్ణా మార్కెట్ ఉంది, పోర్టుంది, హార్బర్ ఉంది. 1956 నుంచీ గిరిజనుల దగ్గర సరుకు కొంటున్న గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. అరకు కాఫీ, ఏటికొప్పాక లక్క బొమ్మలు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకని చెప్పే ముద్ర) ఉన్న సరుకులు, ఏటికొప్పాకకి పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. కానీ మీ పోస్టర్ల మీద కనబడేది గూగుల్. 2025 అక్టోబరులో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామని వాళ్ళు ప్రకటించినప్పటి నుంచి, అంతకుముందు టీసీఎస్‌కి 99 పైసలకి 21 ఎకరాల పైచిలుకు ఇచ్చినప్పటి నుంచి, ఊరంతా అదే మాట. సంతోషమే. ఉద్యోగాలొస్తే మా హోటళ్ళు నిండుతాయి, హోటళ్ళు నిండితే నా వ్యాను నిండుతుంది. కానీ అది వాళ్ళ వ్యాపారం. మీది ఏది?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యలు పండించేవాళ్ళు, ప్రాసెసింగ్ ప్లాంట్లవాళ్ళు ఎంత తల్లడిల్లారో ఈ జిల్లాల్లో అందరం చూశాం. ఎగుమతికి పోయే సరుకుని ఇక్కడే అమ్మే దారి ఏదైనా ఉందా అని అందరూ వెతుక్కున్న సమయం అది. రొయ్యలు మనకి ఇన్ని పండుతున్నా మన ఇళ్ళలో తినేది తక్కువ. ఎందుకు తక్కువ? ఒలిచే ఓపిక లేకా, వాసనకా, ఫ్రీజర్లో పెట్టింది తాజాది కాదన్న అనుమానమా? ఇది మీలాంటి వాళ్ళు నూరు గడపలు ఎక్కి అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న. జవాబు దొరికితే కొనడానికి పెద్ద వ్యాపారులు సిద్ధంగా ఉన్నారు. ఆ నెలల్లో నన్ను రెండు క్లబ్బులు పిలిచాయి. ఒకటి ‘మహిళా సాధికారత’ మీద ప్యానెల్ డిస్కషన్‌కి. రెండోది రిబ్బన్ కత్తిరించడానికి.

ఇక డబ్బు సంగతి. మీ స్పాన్సర్లు విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, కోచింగ్ సెంటర్లు, ఎనర్జీ డ్రింకులు. వచ్చినదంతా స్టేజీ, టీషర్టులు, భోజనాలకే సరి. ఏడాది చివర చేతిలో మిగిలేది గ్రూప్ ఫోటో. మీలో చాలామంది ఇళ్ళలో అమ్మో, అత్తో, పిన్నో డ్వాక్రా గ్రూపులో ఉండే ఉంటారు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ సంఘం పుస్తకాలు అడిగి చూడండి. పదీ పన్నెండు మంది ఆడవాళ్ళు, నెల నెలా పొదుపు, అందులోంచే లోపల్లోపల అప్పులు, ఎవరికి ఎంత ఇచ్చారో, ఎందుకిచ్చారో తీర్మానాల పుస్తకంలో సంతకాలతో సహా. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు ఇంటికి వెళ్ళి అడుగుతారు. అలా నడిపి చూపించాకే బ్యాంకు లోను. మా అమ్మ మొదటి ఐసు పెట్టె ఆ డబ్బుతోనే కొంది. ఎంబీఏ చదివినవాళ్ళు కూడా ఉన్న మీ క్లబ్బులకి ఇది చేతకాదంటే నేను నమ్మను.

టీషర్టులు మానేసి ఆ డబ్బు మూలధనంగా పెట్టండి. మూడు వేలు, ఐదు వేలు, అంతకు మించొద్దు. నూటికి రూపాయి వడ్డీ. సెమిస్టర్ లోపు తిరిగి కట్టాలి. ఎవరికి ఇవ్వాలో సభ్యులే తేల్చాలి, జడ్జీలు కాదు. అప్పు తీసుకున్నవాడు ప్రతి మీటింగులో లేచి ఎంత కొన్నాడో, ఎంతకి అమ్మాడో, ఎంత మిగిలిందో, ఎంత పోయిందో చదవాలి. పోతే పోయిందని చదవాలి. నష్టం వచ్చినవాడి లెక్క వినడానికే ఎక్కువమంది రావాలి, నా లెక్కలో. అప్పుడు మీకు మోటివేషనల్ స్పీకర్ అక్కర్లేదు. సెల్‌లో చేరిన ప్రతి ఒక్కరూ మొదటి నెలలో ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, స్నేహితులు కానివాళ్ళకి అమ్మాలని రూలు పెట్టుకోండి. చేరేవాళ్ళు తగ్గుతారు. తగ్గనివ్వండి.

కోఆర్డినేటర్ మేడమ్‌లకి, సార్లకి ఒక మాట. మీ చేతుల్లో ఏమీ లేదని మీరంటే నేను కొంతవరకే ఒప్పుకుంటాను. కేంద్ర మానవ వనరుల శాఖ (ఇప్పటి విద్యా శాఖ) 2019లో విద్యార్థులకీ, అధ్యాపకులకీ కలిపి జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం విడుదల చేసింది. మీ ఇన్నోవేషన్ కౌన్సిల్ నివేదికల్లో దాని పేరు తప్పకుండా ఉంటుంది. అందులో ఏముందో పిల్లలకి మాత్రం ఎవరూ చెప్పలేదు. స్టార్టప్ పనిలో ఉన్న విద్యార్థికి హాజరు తగ్గినా, సంస్థ అనుమతితో పరీక్ష రాయనివ్వొచ్చని ఉంది. సెమిస్టర్ గానీ ఏడాది గానీ విరామం తీసుకుని మళ్ళీ వచ్చి చేరొచ్చని ఉంది. అనుమతి తీసుకుని సంస్థ చిరునామాతో కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చని ఉంది. సంస్థ బడ్జెట్‌లో కనీసం ఒక శాతం ఈ పనులకి కేటాయించాలని ఉంది. కాలేజీ సౌకర్యాలు వాడకుండా, చదువులో భాగంగా కాకుండా విద్యార్థి సొంతంగా తయారు చేసుకున్నది విద్యార్థిదేనని కూడా ఉంది. ఇవి మార్గదర్శకాలు, చట్టం కాదు. ప్రతి సంస్థా తన నిబంధనలు తను రాసుకోవాలి. రాసుకున్నారా? రాసుకుంటే నోటీసు బోర్డు మీద తెలుగులో, ఇంగ్లీషులో పెట్టండి. హార్బర్‌కి వచ్చిన ఆ ముగ్గురిలో ఒకడు ఆ రోజు ల్యాబ్ పోయిందని, హాజరు ఇప్పటికే అంచున ఉందని టీ తాగుతూనే దిగులు పడ్డాడు.

అమ్మాయిల విషయం వేరేగా చెప్పాలి. తెల్లవారుజామున హార్బర్‌కి, రాత్రి పూట ఆటోనగర్‌కి హాస్టల్ అమ్మాయి రావడం కుదరదు, గేటు తియ్యరు. వ్యాపారం జరిగే వేళలు మీ హాస్టల్ వేళల్ని చూసి పెట్టుకోవు. క్లబ్బు తరఫున నలుగురు కలిసి వెళ్ళడానికి, ఒక మేడమ్ వెంట వచ్చేలా నెలకోసారైనా పర్మిషన్ ఇప్పించడం మీ చేతుల్లో పనే. సాధికారత ప్యానెళ్ళ కంటే అది ఎక్కువ.

‘మేడమ్, మాది టెక్నాలజీ స్టార్టప్, చేపలమ్ముకునేది కాదు’ అనే పిల్లలుంటారు. మాటలో కొంచెం చులకన ఉన్నా నేను పట్టించుకోను. వైద్య పరికరాలు చేసేవాళ్ళకి పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్ ఉంది. ఐఐఎంలో కొత్త కంపెనీలకి చోటూ, సాయమూ ఇచ్చే ఇంక్యుబేటర్ ఉంది. రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ శాఖ ఈ ఊళ్ళోనూ పెట్టారు, ‘ఒక కుటుంబం, ఒక పారిశ్రామికవేత్త’ అనేది ప్రభుత్వ నినాదం. ఏళ్ళు పట్టే పనులు అక్కడ చేసుకోవచ్చు, చెయ్యాలి కూడా. కానీ వాళ్ళూ మొదట అడిగేది ఇదే, కొనేవాడితో మాట్లాడావా అని. ఆటోనగర్ షెడ్లో సెన్సార్ బిగించి చూపించి, ఓనర్‌తో తిట్లు తిని, మళ్ళీ వెళ్ళిన కుర్రాడు అలాంటి చోట్ల వేరేగా మాట్లాడతాడు.

ఇప్పుడు ఆ ఆహ్వానం సంగతి. జడ్జిగా రాను. కొనేదాన్నిగా పిలవండి, వస్తాను. నాకు మూడు పనులు కావాలి.

రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము మూడు దాకా హోటళ్ళ చెఫ్‌లు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పెడతారు. తెలుగు, హిందీ, ఒడియా, అన్నీ కలిపి. ‘అక్కా, చందువ ఐదు, రొయ్యలు నిన్నటిలాగే’ అని. నిన్నటిలాగే అంటే ఎంతో వెతికి, అన్నీ ఒక కాగితం మీదకి రకాలవారీగా రావాలి, నేను హార్బర్‌కి బయల్దేరే లోపు. ఇప్పుడు ఆ పని మా మేనకోడలు నిద్ర మానుకుని చేస్తోంది. రెండోది, హోటళ్ళలో ఉండిపోతున్న నా ఐసు బాక్సులు. ఏ బాక్సు ఎక్కడుందో తెలీదు, అడిగితే ‘పంపేశాం’ అంటారు. మూడోది బాకీలు. ఎవరికి ఎన్ని రోజులైంది, ఎవరికి ఎప్పుడు గుర్తు చెయ్యాలి, ఎవరికి సరుకు ఆపాలి. గుర్తు చేసే మెసేజీ మర్యాదగా ఉండాలి, హోటలు మేనేజర్లకి కోపం తొందరగా వస్తుంది.

యాప్ కావాలని నేను అనడం లేదు. పుస్తకంతో అయినా, చాక్‌పీసుతో అయినా నాకు సమ్మతమే, పని జరగాలి. ఏ క్లబ్బు వాళ్ళైనా రావచ్చు, ముందు రెండు రోజులు నా వ్యానులో తిరగాలి. చేసి చూపించాక రేటు మాట్లాడుకుందాం, బేరం ఆడతాను, ఆడకపోతే మీకూ మర్యాద కాదు. సగం అడ్వాన్సు, మిగతాది నెల రోజులు నడిచాక. నేను మా హోటళ్ళలాగా నెలన్నర తిప్పను. జీఎస్టీ లేకపోయినా పర్లేదు, బిల్లు మాత్రం రాసివ్వాలి. నా నంబరు మీ పాత కార్యవర్గం దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత చెయ్యండి, పొద్దున్న పూట ఎత్తను.

ఇట్లు,
విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక చేపల సప్లయర్